ఫోన్ ఎత్తలేదు

జూలై 28, 2025. సోమవారం

మేడ మీద అద్దెకుండే వాళ్ళమ్మాయి పొద్దున్నే కిందికి దిగి వచ్చి సెల్‌ఫోన్ నా చేతిలో పెట్టింది. ఒకే నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్. ఆ తర్వాత ఒక మెయిలు. ఇంటర్వ్యూకి పిలవడానికి మూడుసార్లు ప్రయత్నించామనీ, ఫోన్ ఎత్తలేదు కాబట్టి ఉద్యోగం మీద ఆసక్తి లేదనుకుని దరఖాస్తు పక్కన పెడుతున్నామనీ అందులో ఉంది. దరఖాస్తు మొదటి పేజీలోనే ఆ పిల్ల రాసింది: పుట్టుకతో వినపడదు, దయచేసి మెసేజ్ చేయండి అని. సదరం సర్టిఫికెట్ జత చేసింది. బీకాం ఫస్ట్ క్లాసు. ట్యాలీ వచ్చు.

మళ్ళీ రాద్దాం అని సైగ చేశాను. తను బొటనవేలూ చిటికెనవేలూ చాపి చెవి దగ్గర పెట్టుకుని, వెంటనే చెయ్యి విదిల్చింది. అలా నాలుగుసార్లు చేసింది. అంటే ఇది నాలుగో కంపెనీ.

జూలై 30

కాలేజీలో పరిశోధన ప్రాజెక్టులకు ప్రతిపాదనలు పంపమని సర్క్యులర్ వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా సోషియాలజీ చెబుతున్నాను. వలస కూలీల మీద రాశాను, బీడీ కార్మికుల మీద రాశాను. ఒకే అమ్మ కడుపున పుట్టిన తమ్ముడికి వినపడదు, వాడి ఉద్యోగాల గురించి ఒక్క పేజీ రాయలేదు. ఎందుకు రాయలేదో నాకే అర్థం కావడం లేదు. ఇంటి సంగతి కదా అని వదిలేశాను కాబోలు.

ఆగస్టు 3, ఆదివారం

రాత్రి ఒంటిగంట దాకా లెక్కలు వెతికాను. 2011 జనగణనలో దేశం మొత్తం మీద వికలాంగులు 2.68 కోట్లు. అందులో వినికిడి లోపం ఉన్నవారు 50.7 లక్షలు. ఆ తర్వాత జనగణనే జరగలేదు. 2018 జూలై నుంచి డిసెంబర్ దాకా జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ రౌండులో, 15 ఏళ్ళు నిండిన వికలాంగుల్లో ఏదో ఒక పనిలో ఉన్నవాళ్ళు 22.8 శాతమని తేలింది. అన్ని రకాల వైకల్యాలూ కలిపిన లెక్క ఇది.

పింఛను ఎంతో అందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016. మా వీధి చివర కిరాణా కొట్టాయన్ని లేపి అడిగినా చెబుతాడు. డిగ్రీ చదివిన బధిర యువతికి ఈ ఊళ్ళో మొదటి జీతం ఎంత ఇస్తారు, ఎన్నేళ్ళకు పెంచుతారు, చేరిన ఏడాదిలోపే మానేసే వాళ్ళు ఎందుకు మానేస్తున్నారు? ఇది చెప్పగలిగిన ఆఫీసు ఒక్కటీ నాకు దొరకలేదు.

ఆగస్టు 6

ప్రతిపాదనకు పేరు పెట్టాను: ‘హైదరాబాదు, విజయవాడల్లో వినికిడి లోపం ఉన్న ఉద్యోగార్థులు: దరఖాస్తు నుంచి మొదటి ఏడాది దాకా’. పొడుగ్గా ఉంది. ఉండనీ.

ఆగస్టు 15

విజయవాడ. తమ్ముడి ఇల్లు. వాడికి యాభై రెండు దాటాయి. నన్ను చూడగానే వేలి కొనతో ముక్కు పక్కన చిన్న చుక్క పెట్టాడు. వాడి భాషలో నా పేరు ముక్కుపుడక. పుడక తీసేసి పాతికేళ్ళయింది, పేరు మాత్రం మారలేదు.

పదో తరగతి అయ్యాక గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేరాడు. ఇంగ్లీషు కంపోజింగుకు గళ్ళు తక్కువ. తెలుగుకు అక్షరం వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. వందల గళ్ళ కేసు. వాడు కేసు వైపు చూడకుండానే సీసం అక్షరం ఏరి, ఎడమచేతిలో స్టిక్కులో తలకిందులుగా పేర్చుకుంటూ పోయేవాడు. కళ్ళు ఎప్పుడూ రాతప్రతి మీదే. రచయిత వదిలేసిన ఒత్తును కూడా వాడు పట్టుకుని, పెన్సిలుతో సున్న చుట్టి ఫోర్‌మన్‌కి చూపించేవాడు. ట్రెడిల్ మోతలో మిగతా వాళ్ళు గొంతు చించుకోవలసి వచ్చేది. వాడూ ఫోర్‌మనూ చేతులతోనే అన్నీ మాట్లాడుకునేవారు. బార్డరుకు ఒక సైగ, ‘ఒత్తు విరిగింది’కి ఒక సైగ, ‘సాయంత్రానికి పెళ్ళికార్డు’కు ఒక సైగ. ఆ సైగలు ఏ నిఘంటువులోనూ లేవు, ఆ ప్రెస్సులో పుట్టాయి. ఫోర్‌మన్ గారు నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టిందట. ఎవరూ నేర్చుకోమని చెప్పలేదు, పని జరగాలి కాబట్టి నేర్చుకున్నారు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, పేజ్‌మేకర్, అను ఫాంట్లు వచ్చాయి. యజమాని ఇద్దరు కుర్రాళ్ళను శిక్షణకు పంపాడు. తమ్ముణ్ణి పంపలేదు. ‘వాడికి నేర్పేవాళ్ళు ఎవరమ్మా?’ అన్నాడు నాతో, నిజంగా బాధపడుతూనే. తెలుగు అక్షరం ఒంటబట్టిన మనిషి వాడు. కీబోర్డు ముందు కూర్చోబెట్టి చూపిస్తే నెల రోజుల పని. కానీ చూపించే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. వాడు గోడౌన్లో పెట్టెలకు టేపు వేసే పనికి వెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని.

ఆ స్టిక్కు ఇంకా ఉంది. వంటింటి కిటికీలో కరెంటు బిల్లులు దాంట్లో దోపి పెడతాడు.

ఆగస్టు 17

బస్సులో తిరిగి వస్తూ చదివింది ఇక్కడ రాసుకుంటున్నాను, మర్చిపోతానని.

అమెరికాలో రోచెస్టర్ నగరంలో బధిరులకు ఒక జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది, ఎన్‌టీఐడీ. 1965 జూన్ 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో చట్టం వచ్చింది. 1968లో పాఠాలు మొదలయ్యాయి. పరిశోధన డబ్బు ఎటు ఖర్చు పెట్టాలో అక్కడ కనిపించింది. ఒకటి, సి-ప్రింట్. వినేవాళ్ళొకరు తరగతిలో కూర్చుని లెక్చరరు మాటలను పొట్టి గుర్తులతో మామూలు ల్యాప్‌టాప్ మీద కొడుతుంటే, సాఫ్ట్‌వేర్ వాటిని పూర్తి మాటలుగా విప్పి విద్యార్థి తెర మీద చూపిస్తుంది. రెండోది నాకు ఇంకా నచ్చింది. చదువు ముగించి వెళ్ళిన వాళ్ళను వదిలేయలేదు. ప్రభుత్వ సామాజిక భద్రతా శాఖ దగ్గరున్న ఆదాయం లెక్కలతో కలిపి, పట్టా పొందినవాళ్ళు ఎంత సంపాదిస్తున్నారు, ప్రభుత్వ సహాయం మీద ఆధారపడటం ఎంత తగ్గింది అని ఏళ్ళ తరబడి చూశారు. చదువు పూర్తి చేసినవాళ్ళ సంపాదన పెరిగింది, సహాయం అవసరం తగ్గింది. ఆ లెక్క చేతిలో ఉంది కాబట్టి ‘ఈ ఖర్చు ఎందుకు’ అని ఎవరైనా అడిగితే జవాబు ఉంది.

మన దగ్గర ఆరోగ్యశ్రీలో పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు వచ్చాయి. మంచి పని, ఎందరో తల్లుల కన్నీళ్ళు తుడిచింది. చెవి కోసం డబ్బు పెట్టడం మనకు అలవాటైంది. ఆ బిడ్డకు ఇరవై రెండేళ్ళొచ్చి ఒక ఆఫీసు గుమ్మం ఎక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడటానికి డబ్బు పెట్టడం ఇంకా అలవాటు కావాలి.

ఆగస్టు 30, శనివారం

మా సందు మొదట్లో వినాయకుడి మండపం. నాలుగు రోజులుగా స్పీకర్ల హోరు. పాలవాడు ‘ఎన్ని ప్యాకెట్లు’ అని అడుగుతుంటే వినపడక నేను గేటు దాకా పరుగెత్తాను. అదే సమయంలో మేడ మీద పిల్ల బాల్కనీలో నిలబడి, ఎదురు బిల్డింగు మూడో అంతస్తులో ఉన్న స్నేహితురాలితో తాపీగా కబుర్లు చెబుతోంది. రోడ్డుకు అటొకరు, ఇటొకరు. ఒక్క మాట కూడా జారిపోలేదు.

ఆక్రన్ గుర్తొచ్చింది. ఒహాయో రాష్ట్రంలో టైర్ల ఊరు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ ఫ్యాక్టరీలు వందల మంది బధిరులను పనిలోకి తీసుకున్నాయి. యుద్ధం వల్ల మనుషులు చాలక పిలిచారు. పిలిచాక చూస్తే వాళ్ళు మంచి పనివాళ్ళు. యంత్రాల మోత వాళ్ళ మాటలకు అడ్డం రాదు. దేశం నలుమూలల నుంచి బధిర కుటుంబాలు ఆ ఊరికి వచ్చి స్థిరపడ్డాయి. పెద్ద పత్రికల అచ్చుశాలల్లోనూ అంతే, లైనోటైపుల దగ్గర ఎందరో బధిరులు. మా గవర్నరుపేట ప్రెస్సుకూ ఆక్రన్‌కూ ఈ చుట్టరికం ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

సెప్టెంబర్ 7

ప్రాజెక్టు ఇంకా మంజూరు కాలేదు. ఊరికే కూర్చోలేక, గిడ్డంగిలో పనిచేసే ఒక అబ్బాయిని కలిశాను. సైగ భాష బాగా వచ్చిన స్నేహితుడు పక్కన కూర్చున్నాడు. కష్టం ఎక్కడ అని అడిగాను. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వచ్చేటప్పుడు భయం అంటాడనుకున్నా. అది కాదట. దానికి లైటు పెట్టించారట, సర్దుకుందట.

పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు పది నిమిషాలు అందరినీ నిలబెట్టి సూపర్‌వైజర్ మాట్లాడతాడు. బోర్డు వైపు తిరిగి రాస్తూ, వీపు చూపిస్తూ మాట్లాడతాడు. నవ్వితే అందరూ నవ్వుతారు, ఇతనూ నవ్వుతాడు. ఒకసారి ఆ పది నిమిషాల్లో కొత్త రూలు చెప్పారు: స్కానింగ్ తర్వాతే స్టిక్కరు. ఇతను పాత పద్ధతిలోనే రోజంతా చేశాడు. సాయంత్రం జీతంలో కోత. ఎందుకో అడిగితే ‘పొద్దున చెప్పాం కదా’ అన్నారట. చెప్పడం అనే మాటను ఆ అబ్బాయి సైగ చేసి చూపించాడు. నోటి దగ్గర నుంచి వేలు ముందుకు వచ్చింది, అతని దాకా రాకుండా మధ్యలో ఆగిపోయింది.

ఆరేళ్ళుగా అదే గ్రేడు. తర్వాత చేరిన ఇద్దరు టీమ్ లీడర్లయ్యారు. ఇతను టీమ్ లీడర్ కాలేడా అని నేను అడిగితే, నా వంక విచిత్రంగా చూశాడు. ఆ ప్రశ్న ఇంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదట.

నా ప్రశ్నపత్రం మొత్తం మార్చాలి. ఉద్యోగం వచ్చిందా లేదా అని ఒక గడిలో టిక్కు పెడితే ఈ పది నిమిషాలు ఎందులోకీ రావు.

సెప్టెంబర్ 13

చట్టం మళ్ళీ చదివాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం, అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. రెండు చెవులకూ 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువ ఉన్నవారు. 34వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం వీరికి. ఈ సంగతి అందరూ చెబుతారు. 28వ సెక్షన్ గురించి ఎవరూ మాట్లాడరు. వికలాంగుల పునరావాసానికీ సాధికారతకూ అవసరమైన విషయాలపై ప్రభుత్వం పరిశోధన మొదలుపెట్టాలి, లేదా చేయించాలి. వీలుంటే చేయండి అని కాదు, చేయాలి అని ఉంది. ప్రతిపాదన రెండో పేజీలో మొదటి వాక్యంగా ఇదే పెట్టాను.

సెప్టెంబర్ 19

అమెరికా లెక్క ఒకటి. 2017లో 25 నుంచి 64 ఏళ్ళ మధ్య బధిరుల్లో ఉద్యోగంలో ఉన్నవారు 53.3 శాతం, వినగలిగినవారిలో 75.8 శాతం. నేషనల్ డెఫ్ సెంటర్ వాళ్ళు ప్రచురించారు. అంత డబ్బున్న దేశంలోనూ 22.5 శాతం పాయింట్ల తేడా. ఈ తేడా వాళ్ళకు ఎలా తెలిసిందంటే, జనగణన శాఖ ఏటా చేసే సర్వేలో వినికిడి గురించి ఒక ప్రశ్న ఉంటుంది: ఈ మనిషికి వినపడదా, లేక వినడం బాగా కష్టమా? ఒకే ఒక్క ప్రశ్న. ఏటా అడుగుతారు, ఆ జవాబుల్ని ఉద్యోగం, జీతం వివరాలతో కలిపి చూడటానికి పరిశోధకులకు గ్రాంటు ఇస్తారు.

వైకల్యం మీద పరిశోధనకే అక్కడ ప్రత్యేకంగా ఒక కేంద్ర సంస్థ ఉంది. ఏటా పది కోట్ల డాలర్లకు పైగా నిధులు. ఉపాధి దాని మూడు ప్రధాన రంగాల్లో ఒకటి. బధిరుల విశ్వవిద్యాలయం గాలడెట్‌లో సాంకేతిక పరిశోధన కేంద్రం నడిచింది ఆ డబ్బుతోనే. ఆ సంస్థ ఏ విభాగం కింద ఉందో ఆ విభాగాన్నే విడగొడతామని ఈ మార్చిలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఏళ్ళ తరబడి కట్టుకున్నదాన్ని ఒక ప్రకటనతో కదిలించవచ్చన్నమాట. చదువుతుంటే గుండె బరువెక్కింది.

రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ గురించి కూడా రాసుకోవాలి. బధిరుడైన భౌతిక శాస్త్రవేత్త. జేమ్స్ మార్‌స్టర్స్ అనే బధిర దంతవైద్యుడితో కలిసి 1964లో టెలిఫోన్ తీగ మీద టైపు చేసిన అక్షరాలు పంపే పరికరం తయారుచేశాడు. పాత టెలిటైపు మెషిన్లు తెచ్చి వాడారు. తన ఇంటి ఫోన్ తనకు పనికిరాదన్న బాధ ఉన్నవాడే దాన్ని కనిపెట్టాడు.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఇవాళ అంతర్జాతీయ సైగ భాషల దినం. కాలేజీలో పిల్లలకు చెప్పాను. మన దేశంలో భారతీయ సైగ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. 2018లో 3,000 మాటలతో మొదటి నిఘంటువు, 2021 నాటికి 10,000 మాటలు. పరిశోధనకు డబ్బు పెడితే ఆరేళ్ళలో ఏమవుతుందో చూడండి అన్నాను.

మేడ మీద పిల్లను తరగతికి తీసుకెళ్ళాను. ‘నీ పేరేంటి’ అని అడగడం నేర్పింది. నువ్వు, పేరు, ఏంటి. ప్రశ్న మాట చివర. క్రియ కూడా చివరే. వెనక బెంచీ అబ్బాయి లేచి, ‘మేడం, ఇది మన తెలుగు వరసే కదా’ అన్నాడు. అవును, మన వరసే. కానీ ఆ పిల్ల రాయాల్సిన పరీక్షలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చెవితో ఒక్కసారి కూడా వినని భాష అది. అందులో తప్పు రాస్తే తెలివి తక్కువని మార్కు వేస్తారు. ట్యాలీలో ఆ పిల్ల వేగం ఎవరూ చూడరు.

అక్టోబర్ 8

ప్రతిపాదన మీద కమిటీ ముందుకు వెళ్ళాను. పెద్దమనుషులే, మర్యాదగానే మాట్లాడారు. విషయం బాగుందన్నారు. తర్వాత బడ్జెట్ పేజీ దగ్గర ఆగారు.

‘ఇంటర్‌ప్రెటర్‌కు ఇంతా మేడం? వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పేస్తారు కదా. పైగా మీ తమ్ముడే ఉన్నారు.’

ఇంట్లోవాళ్ళ ముందు ఎవరూ జీతం నిజం చెప్పరు సార్ అన్నాను. తండ్రి పక్కన కూర్చుంటే కూతురు, ఆఫీసులో తనను ఎవరు ఏడిపిస్తున్నారో చెప్పదు. తమ్ముడు నాకు తమ్ముడే, ఇంటర్‌ప్రెటర్ కాడు. ఆ పని వేరే చదువు. ఆ చదువు చదివినవాళ్ళు మన దగ్గర బహు తక్కువ. వాళ్ళ సమయానికి విలువ కట్టకపోతే ఆ కాస్తమందీ ఉండరు.

రెండో అభ్యంతరం ఇంకా కష్టం. క్షేత్ర పరిశోధకులుగా ముగ్గురు బధిరులను పెట్టాను. ఆ హెడ్ కింద జీతం ఇవ్వాలంటే పీజీ ఉండాలి. నిబంధన. మేడ మీద పిల్లది బీకాం, గిడ్డంగి అబ్బాయిది ఇంటర్. ‘వాళ్ళను సమాచారం ఇచ్చేవాళ్ళుగా పెట్టుకోండి, పరిశోధకులుగా ఎందుకు?’ అన్నారు. ఆ పది నిమిషాల మీటింగు సంగతి నా ఎంఏ నాకు చెప్పలేదు. ఆ అబ్బాయి చెప్పాడు. ఏం అడగాలో వాళ్ళకు తెలుసు, ఎక్కడ అడగాలో తెలుసు. పీజీ పట్టా ఉన్న వినగలిగినవాడు మూడు నెలలు తిరిగినా రానిది వాళ్ళు ఒక టీ తాగేలోపు తెస్తారు.

ఇదంతా చెప్పాను. రాసుకున్నారు. సవరించి పంపమన్నారు.

బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. కోపం రాలేదు. వాళ్ళ దగ్గర ఉన్న ఫారంలో ఈ మనుషులకు గడి లేదు.

అక్టోబర్ 12

తమ్ముడికి వీడియో కాల్‌లో జరిగింది చెప్పాను. అంతా చూసి, ప్రెస్సు రోజుల్లో వాడిన సైగ ఒకటి చేశాడు. నాకు అర్థం కాలేదు. చాట్‌లో టైపు చేశాడు: ‘ప్రూఫ్ మళ్ళీ దిద్దు. అక్షరం తీయకు అక్కా’.

అక్టోబర్ 24

సవరించిన ప్రతిపాదన ఇవాళ పంపాను. ఇంటర్‌ప్రెటర్ ఖర్చు తీయలేదు. బధిర పరిశోధకుల పేరు మార్చలేదు. జీతం ఇవ్వడానికి వేరే హెడ్ ఒకటి చూపించాను, కింద 28వ సెక్షన్ పూర్తిగా రాశాను. నా ప్రయాణ ఖర్చులు సగానికి తగ్గించాను. మంజూరవుతుందో లేదో జనవరిలో తెలుస్తుంది. కాకపోతే ఇంకోచోటికి పంపుతాను.

మేడ మీద పిల్ల ఐదో కంపెనీకి దరఖాస్తు పెట్టింది. ఈసారి ఫోన్ నంబరు గడిలో కుదిరినంత పెద్ద అక్షరాల్లో ‘మెసేజ్ మాత్రమే’ అని రాసింది.

ఈ కాగితాలు ఉద్యోగాలు ఇచ్చే వారెవరి చేతికైనా చేరితే ఒక్కటే మనవి. ప్రకటనలో ఫోన్ నంబరు కింద ‘మెసేజ్ చేయవచ్చు’ అని ఒక ముక్క చేర్చండి. దరఖాస్తులో వినపడదు అని రాసి ఉంటే, దయచేసి ఫోన్ చేయకండి.